కొసరు

నవంబరులో మూడున్నరకే దీపం వేసుకునే దీవి మాది.
కౌన్సిలు భవనం మేడమీద, హీటరు పక్క కుర్చీ నాది.
ఏడాదికోసారి ఈ నివేదిక రాస్తాను:
ఏం కొన్నాం, ఎవరి దగ్గర, ఎంతకి,
ముందు చెప్పినట్టే కొన్నామా లేదా.

రోడ్ల మీద మంచుకి చల్లే ఉప్పు, నాలుగు వందల టన్నులు.
పడవల రేవుకి రబ్బరు దిమ్మలు.
బడి కిటికీలు.
శవపేటికను మోసే బండికి టైర్లు, ఒక జత.
ఊరి బతుకంతా పద్దుల్లోంచి చూస్తే
పెళ్ళివారి సరుకుల చీటీలా ఉంటుంది.
పెళ్ళి మాత్రం కనబడదు.

నాలుగో అధ్యాయం, సమాజానికి కలిగిన మేలు.
ఉప్పు కంపెనీ ఇద్దరు కుర్రాళ్ళకి పని నేర్పింది. రాశాను.
కిటికీల వాళ్ళు మిగిలిన చెక్కతో రేవులో బెంచీ వేశారు. రాశాను.
ఆ గాలికి దానిమీద ఎవరూ కూర్చోరు.
అది రాయలేదు.

పదకొండో వరుస: బడిపిల్లల రొట్టె.
ఇక్కడికొచ్చి ఆగిపోయాను.

ఇరవై రెండేళ్ళు ఆ రొట్టె తోర్‌ఫిన్ ఇస్బిస్టర్ కాల్చాడు.
మార్చిలో టెండరు పిలిచాం.
రేవుకీ రొట్టెకీ అదే ఫారం, నలభై ఆరు పేజీలు.
మీ పర్యావరణ విధానం వివరించండి, అంది పద్నాలుగో ప్రశ్న.
పొద్దున్నే సైకిలు మీద తెచ్చిస్తాను, అని రాశాడు పెన్సిలుతో.
ఐదుకి ఒక మార్కు వేశాను.
వేసింది నేనే.

అవతలి గట్టు కంపెనీ రొట్టెకి మూడు పెన్నీలు తగ్గించింది.
రోజుకి ముప్ఫై రొట్టెలు, నూట తొంభై బడి రోజులు,
ఆదా నూట డెబ్బై ఒక్క పౌండ్లు.
నివేదికలో ముద్ద అక్షరాల్లో ఉంది చూడండి.
లెక్క లెక్కే కదా, ఇంగా, అన్నాడు కౌంటరు దగ్గర
టోపీ పెట్టుకుంటూ.

అక్టోబరులో నాలుగు రోజులు పడవ రాలేదు.
తుపానుకి సరఫరాదారు బాధ్యుడు కాడు, క్లాజు తొమ్మిది.
మొదటి రోజు పిల్లలకి బిస్కెట్లు.
రెండో రోజు ఉడికిన బంగాళాదుంపలు.
మూడో రోజు పొద్దున బడి వెనక తలుపు దగ్గర
పిండి సంచి కప్పి, ఇంకా పొగలు కక్కుతూ
ముప్ఫై ఒక్క రొట్టెలు.
చీటీ లేదు, బిల్లు లేదు.

ముప్ఫై ఒకటేమిటి, లెక్క తప్పాడా, అనడిగాను.
వంటావిడ నావైపు జాలిగా చూసింది.
ఎప్పుడూ అంతే కదమ్మా. ముప్ఫైకి ఒకటి కొసరు.

ఇంటికెళ్ళి కోటు విప్పకుండా లెక్క వేశాను.
అతని రొట్టె పౌండు.
రోజుకి మేం మిగిల్చింది తొంభై పెన్నీలు.
రోజుకి ఆయన ఊరికే వదిలింది ఒక పౌండు.
పది పెన్నీలు పోగొట్టుకుని
ముద్ద అక్షరాల్లో ఆదా అని రాస్తున్నాం.

ఇప్పుడు ఆ ముప్ఫై ఒకటినీ ఏ గడిలో వెయ్యను?
కొనలేదు కనక కొనుగోలు కాదు.
దానమంటే ఆయన ఒప్పుకోడు, అడిగి చూశాను.
పొయ్యి ఎలాగూ వెలిగించాను, అన్నాడు.
నియమం తప్పిన వాటి పట్టికలో పెడదామంటే
ఆడిటరు విలువ అడుగుతాడు.

హీటరు టిక్కుటిక్కుమంటోంది. కింద తలుపులు వేసేస్తున్నారు.
ఆదా అన్న మాటని మామూలు అక్షరాల్లోకి మార్చాను.
చివరి పేజీకి వెళ్ళాను,
రాబోయే రెండేళ్ళలో కొనబోయేవి.
రొట్టె: విడిగా పిలవాలి. ఫారం రెండు పేజీలు మించరాదు.
పడవ రాని రోజు ఎలా ఇస్తారో దానికి సగం మార్కులు.
పెన్సిలుతో రాసినా చెల్లును.

ఆ చివరి వాక్యం కమిటీ కొట్టేస్తుంది, తెలుసు.
అది కొసరు వేశాను.